రంగు కంటే ముందు నీళ్ల పని: పౌడర్ కోటింగ్‌తో నా అనుభవం

చర్లపల్లి పారిశ్రామికవాడలోని మా షెడ్డులో ఏళ్లుగా తయారవుతున్నవి విద్యుత్ ప్యానెల్ బోర్డుల పెట్టెలు. వాటికి పౌడర్ కోటింగ్ వేయించడం మాకు కొత్త కాదు. అయితే ఆ పెట్టెలన్నీ గదుల లోపల, ఎండా వానా తగలని చోట ఉండేవి. నిరుడు కొంపల్లి వైపు ఒక అపార్ట్‌మెంట్ సముదాయం వారు నడకదారి పక్కన వేసుకోవడానికి ఇనుప బెంచీలు, మెట్ల వెంట రెయిలింగులు చేసిపెట్టమని అడిగినప్పుడు, ఆరుబయట నిలిచే వస్తువుకు ఈ కోటింగ్ ఎలా చేయించాలో మొదటి నుంచి చివరిదాకా దగ్గరుండి చూడాల్సి వచ్చింది.

వాళ్లు పెట్టిన షరతు ఒక్కటే, రంగు ఊడకూడదు. అంతకుముందు వేరొకరు చేసి ఇచ్చిన గేటు దగ్గరికి నన్ను తీసుకెళ్లి చూపించారు. ఒక్క వానాకాలం గడిచేసరికే వెల్డింగు అతుకుల దగ్గర రంగు ఉబ్బి, పొరలు పొరలుగా లేచిపోయింది. గోటితో అంచు పట్టుకుని లాగితే అరచేతి వెడల్పున ఒక పొర ఊడి చేతికి వచ్చింది. దాన్ని తిరగేసి చూశాను. పై వైపు ఎంత నున్నగా ఉందో లోపలి వైపూ అంతే నున్నగా ఉంది. దానికి లోహపు గరుకు గానీ, రంగుకు ముందు ఇనుముకు పట్టించే ఫాస్ఫేట్ పొర బూడిదరంగు గానీ అంటుకుని లేవు. పౌడర్ మంచిదే, ఓవెన్‌లో సరిగ్గానే కాలింది, కానీ అది ఇనుమును ఏనాడూ పట్టుకోలేదు. ఎవరు చేశారన్నది నాకు అనవసరం. ఎలా చేస్తే ఇలా అవుతుందన్నది మాత్రం ఆ పొర స్పష్టంగా చెప్పింది.

పౌడర్ కోటింగ్ అంటే ద్రవరూపంలో ఉన్న రంగును పూయడం కాదు. రెసిన్, దాన్ని గట్టిపరిచే హార్డెనర్, రంగునిచ్చే పిగ్మెంట్లు, మరికొన్ని పదార్థాలు కలిపి వేడిమీద కరిగించి, చల్లార్చి, మెత్తగా మరపట్టిన పొడి అది. అందులో థిన్నర్ ఉండదు. ఆ పొడికి విద్యుదావేశం ఇచ్చి, ఎర్తింగ్ చేసిన లోహం మీదికి చిమ్మితే అంటుకుని నిలుస్తుంది. తర్వాత ఓవెన్‌లో పెడితే కరిగి, సమంగా పరుచుకుని, లోపల రసాయన చర్య జరిగి గట్టి పొరగా మారుతుంది. ఒకసారి అలా మారాక మళ్లీ వేడి చేసినా కరగదు. ఇంట్లో ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, ఏసీ బయటి యూనిట్, బీరువా, ఆసుపత్రిలో మంచం, అల్యూమినియం కిటికీల ఫ్రేములు, మోటార్ సైకిల్ చక్రాలు, ఇలా రోజూ చేత్తో తాకే లోహపు వస్తువుల్లో చాలావాటి మీద ఉన్నది ఇదే. కంటికి కనిపించని చోట్ల కూడా ఉంది: భూమిలో పాతే చమురు గొట్టాలకు, సముద్రతీరపు కాంక్రీటులో వాడే ఇనుప కడ్డీలకు ఎపాక్సీ పౌడర్‌ను వేడి లోహం మీదే కరిగించి పొరగా వేస్తారు.

మొదటి నిర్ణయం ఏ జాతి పౌడర్ అన్నది. మా ప్యానెల్ బోర్డులకు వాడేది ఎపాక్సీ, పాలిస్టర్ కలిసిన హైబ్రిడ్ రకం. మా వ్యాపారంలో అందరూ సీమెన్స్ గ్రే అని పిలిచే, రాల్ అనే రంగుల పట్టికలో 7032 అంకె షేడ్. గది లోపలికి అది చాలు. ఎపాక్సీకి తుప్పును, రసాయనాలను తట్టుకునే గుణం బాగా ఎక్కువ, కానీ ఎండలోని అతినీలలోహిత కిరణాలు దాన్ని విరగ్గొడతాయి. కొద్ది నెలల్లోనే మెరుపు పోయి, వేలితో రాస్తే సుద్దపొడి అంటుకుంటుంది. హైదరాబాద్ ఎండకు హైబ్రిడ్ కూడా ఆగదు. ఆరుబయటికి శుద్ధ పాలిస్టర్ కావాలి. ఇంకా ఎక్కువ కాలం షేడ్ నిలవాలంటే సూపర్ డ్యూరబుల్ అనే మెరుగైన పాలిస్టర్, ఎత్తైన భవనాల ముఖభాగాలకైతే ఫ్లోరోపాలిమర్ రకం ఉన్నాయి. ఒక బెంచీకి ఫ్లోరోపాలిమర్ అక్కర్లేదు. కింద ఎపాక్సీ ప్రైమర్ పౌడర్, పైన సూపర్ డ్యూరబుల్ పాలిస్టర్, ఇలా రెండు పొరలు వేయిద్దామని నిశ్చయించాను. తుప్పును ఆపే పని కిందిది చేస్తుంది, ఎండను ఆపే పని పైది చేస్తుంది.

రంగు విషయంలో వాళ్ల ఎంపిక రాల్ 7016, అంటే ముదురు బొగ్గు బూడిద రంగు. 1927లో జర్మనీలో 40 రంగులతో మొదలైన రాల్ పట్టిక నేడు ఈ పరిశ్రమకంతా ఉమ్మడి భాష. కాబట్టి అంకె చెబితే ఏ కంపెనీ పౌడర్ అయినా అదే రంగులో దొరుకుతుంది. కానీ మే నెల మధ్యాహ్నం ముదురు రంగు ఇనుప పలక మీద పెద్దవాళ్లు గానీ పిల్లలు గానీ కూర్చోలేరు. ఈ మాట గట్టిగా చెప్పి, కాళ్లకూ రెయిలింగులకూ 7016, కూర్చునే పలకలకు లేత బూడిద రాల్ 7035 అని ఒప్పించాను. రెండు రంగులంటే పౌడర్ కొట్టే గదిని (బూత్‌ను), పొడిని చిమ్మే గన్‌ను, గొట్టాలను పూర్తిగా శుభ్రం చేసి మార్చాలి కాబట్టి ఖర్చు పెరుగుతుంది. అయినా అది పెట్టదగిన ఖర్చే.

జాబ్ వర్క్ చేసే యూనిట్లకు హైదరాబాద్‌లో కొదువ లేదు. బాలానగర్, జీడిమెట్ల, నాచారం, కాటేదాన్, మా చర్లపల్లి, ఎక్కడ చూసినా ఒక ఓవెన్ కనిపిస్తుంది. ఎక్కడికి వెళ్లినా ముందు టేబుల్ మీద షేడ్ కార్డు పరుస్తారు, చదరపు అడుగుకు ఇంత అని రేటు చెబుతారు. ఆ రేట్ల మధ్య తేడా ఎందుకో కార్డు చూస్తే తెలియదు, వెనకాల షెడ్డులోకి వెళ్తే తెలుస్తుంది. కొన్నిచోట్ల గుడ్డను థిన్నర్‌లో ముంచి ఇనుమును తుడిచి, నేరుగా పౌడర్ కొడుతున్నారు. లోపల పెట్టే చిన్న వస్తువుకు అది కొన్నాళ్లు నిలబడవచ్చు. చివరికి నేను పని ఇచ్చిన జీడిమెట్ల యూనిట్‌లో సూపర్‌వైజర్ షేడ్ కార్డు తెరవనే లేదు. “సార్, రంగు ఆఖరు పని. ముందుగాల నీళ్ల పని చూడుండ్రి” అంటూ ట్యాంకుల దగ్గరికి తీసుకెళ్లాడు. ఆ ఒక్క మాటతో నాకు నమ్మకం కుదిరింది.

అయితే ట్యాంకుల దాకా వెళ్లకముందే మా షెడ్డులో చేయాల్సిన పని చాలా ఉందని అతనే గుర్తు చేశాడు. లేజర్‌తో ఆక్సిజన్ వాడి కోసిన ఇనుప పలక అంచుల మీద సన్నని ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. ఫాస్ఫేట్ దాని మీద పట్టదు; పైన వేసిన రంగు గట్టిగా ఉన్నా, ఆ ఆక్సైడ్ పొరే ఇనుము నుంచి విడిపోయి రంగును వెంట తీసుకుపోతుంది. నైట్రోజన్ వాడి కోయిస్తే ఈ బాధ ఉండదు. మాది అప్పటికే కోసి ఉంది కాబట్టి అంచులన్నీ గ్రైండింగ్ చేయించాను. పదునైన మూలలు కూడా పనికిరావు. ఓవెన్‌లో పౌడర్ కరిగి పారేటప్పుడు తలతన్యత వల్ల మూల నుంచి రెండు వైపులకూ జారిపోతుంది, కొస మీద పొర పలచబడుతుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది. అందుకే మూలలన్నీ కొద్దిగా గుండ్రం చేయించాను. వెల్డింగ్ చుక్కలను ఉలితో కొట్టించాను.

అన్నిటికంటే ముఖ్యమైనది పైపుల్లో రంధ్రాలు. రెండు చివరలా మూసి వెల్డింగ్ చేసిన పైపును ఆమ్లపు ట్యాంకులో ముంచితే, అతుకులో సూదిమొన అంత సందు ఉన్నా ద్రవం లోపలికి పోతుంది, మళ్లీ బయటికి రాదు. ఓవెన్ వేడికి అది మరిగి, ఆ సందులోంచే ఉమ్మి, తడి మరకగా రంగు మీదికి పారుతుంది. మిగిలినది లోపలే ఉండి సంవత్సరాల తరబడి పైపును తినేస్తుంది. ప్రతి పైపుకూ కిందివైపు, కంటికి కనపడని చోట, ద్రవం కారిపోయేందుకు ఒకటి, గాలి లోపలికి వచ్చేందుకు ఒకటి చొప్పున రంధ్రాలు వేయించాను. బిగించిన తర్వాత లోపల పట్టే చెమ్మ కూడా వాటిలోంచే బయటికి పోతుంది.

ఇక ట్యాంకులు. సెవెన్ ట్యాంక్ ప్రాసెస్ అని వ్యాపారంలో అనే మాటకు అర్థం, మొత్తం మీద నూనె తీయడం, తుప్పు తీయడం, ఫాస్ఫేట్ పట్టించడం, ఒక్కోదాని తర్వాత నీళ్లతో కడగడం. మొదటిది వేడి క్షారపు ద్రావణం. షీటు తయారీలో పూసిన నూనె, మా కార్మికుల చేతి జిడ్డు, వెల్డింగ్ స్ప్రే అన్నీ అక్కడ పోవాలి. కడిగి బయటికి తీసిన బెంచీ కాలును సూపర్‌వైజర్ వెలుతురులో నిలువుగా పట్టి చూపించాడు. నీరు లోహం మీద తెగకుండా ఒకే పలచని తెరగా కిందికి జారుతుంటే నూనె పోయినట్టు. ఒక వెల్డింగు అతుకు దగ్గర మాత్రం ఆ తెర తెగి, నీరు బొట్లు బొట్లుగా విడిపోయింది. అంటే అక్కడ ఇంకా జిడ్డు ఉంది. దాన్ని మళ్లీ ట్యాంకులోకి పంపారు. ఏ మీటరూ అక్కర్లేని ఈ పరీక్ష నాకు ఎంతో నచ్చింది. కొంపల్లి గేటు అతుకుల దగ్గర ఎవరూ ఈ చూపు చూడలేదని అర్థమైంది.

ఆ తర్వాత ఆమ్లంలో తుప్పు తీయడం. అక్కడి నుంచి వెంటనే కడిగి ముందుకు పంపకపోతే గాలి తగిలిన నిమిషాల్లోనే పసుపు తుప్పు మళ్లీ పడుతుంది. ఫాస్ఫేట్ ట్యాంకుకు ముందు యాక్టివేషన్ అనే చిన్న ముంపు ఉంటుంది. టైటానియం లవణాలున్న ఆ నీరు ఇనుము మీద లెక్కలేనన్ని బీజాలను నిలిపి, జింక్ ఫాస్ఫేట్ స్ఫటికాలు ముతకగా కాకుండా సన్నగా, దట్టంగా పెరిగేలా చేస్తుంది. వేడి ఫాస్ఫేట్ ద్రావణంలోంచి బయటికి వచ్చేసరికి మెరిసే ఇనుము మెరుపు లేని బూడిదరంగుకు మారింది. చదరపు మీటరుకు కొద్ది గ్రాములే ఉండే ఈ పొరే పౌడర్‌కు పట్టు ఇస్తుంది. రంగు ఎక్కడైనా గీసుకుపోతే తుప్పు పక్కకు పాకకుండా ఆపేదీ ఇదే. చివరి కడుగుడు నీళ్లు మంచివి కావాలి. ఉప్పులున్న బోరు నీటితో చివర కడిగితే ఆ ఉప్పులు రంగు కింద మిగిలిపోయి, తేమను లోపలికి లాగి, బొబ్బలు తెప్పిస్తాయి. ఈ యూనిట్‌లో ఆర్వో నీళ్లు వాడుతున్నారు.

రెయిలింగుల్లో కొన్ని నిలువు పైపులు జీఐవి, అంటే జింక్ పూత వేసి (గాల్వనైజ్ చేసి) వచ్చినవి. వాటి దారి వేరు. తుప్పు తీసే ఆమ్లం జింక్ పూతను తినేస్తుంది కాబట్టి వాటిని ఆ ట్యాంకులో ముంచలేదు. పైగా గాల్వనైజ్ చేసిన పూతలో చిక్కుకున్న వాయువు ఓవెన్ వేడికి బయటికి వస్తూ, కరిగిన పౌడర్‌లో సన్నని రంధ్రాలు చేస్తుంది. అందుకని పౌడర్ కొట్టకముందే ఆ పైపులను ఓవెన్‌లో పెట్టి, తర్వాత కోటింగ్ కాలాల్సిన ఉష్ణోగ్రత కంటే ఎక్కువకు తీసుకెళ్లి, వాయువును ముందే వెళ్లగొట్టారు.

ట్యాంకులున్న చోట మురుగునీటి సంగతి అడగడం కస్టమర్ పని కాదని చాలామంది అనుకుంటారు. నేను అడిగాను. ఆమ్లం, భార లోహాలు ఉన్న ఆ నీరు శుద్ధి కాకుండా కాలువలోకి పోతే దాని ఫలితం మనందరి మీదా పడుతుంది. 1974 నాటి జల చట్టం, 1981 నాటి వాయు చట్టం కింద కాలుష్య నియంత్రణ మండలి అనుమతి పత్రం గోడ మీద ఉంది, వెనుక శుద్ధి ట్యాంకు నడుస్తోంది. రేటు బాగా తక్కువ చెప్పేచోట ఎక్కువగా కోతపడేది ఈ ఖర్చే అని నా అభిప్రాయం.

పూర్తిగా ఆరిన సామాను బూత్‌లోకి వచ్చింది. గ్లౌజులు లేకుండా ముట్టుకోవద్దని నన్నూ ఆపారు. చేతి చెమటలోని ఉప్పు చాలు, అక్కడ పట్టు పోవడానికి. గన్ పక్కన ఉన్న పౌడర్ డబ్బాలో అడుగు నుంచి గాలి ఊదుతుంటే పొడి పొంగుకొచ్చిన పాలలా కదులుతోంది. ఈ పద్ధతే అసలు పరిశ్రమకు పునాది: 1950లలో జర్మనీలో ఎర్విన్ గెమ్మర్ ఇలా గాలితో తేలే పొడిలో వేడి చేసిన లోహాన్ని ముంచి పొర వేసే విధానం కనిపెట్టాడు, విద్యుదావేశంతో చిమ్మే గన్‌లు 1960లలో వచ్చాకే పలచని పొర వేయడం వీలైంది. ఆ ఊదే గాలి పొడిగా ఉండాలి. జూలైలో హైదరాబాద్ గాలిలోని తేమ కంప్రెసర్ గుండా గన్‌లోకి చేరితే పౌడర్ ఉండలు కడుతుంది. ఎండాకాలంలో మరో సమస్య, 40 డిగ్రీలు దాటే రేకుల షెడ్డులో నిల్వ ఉంచితే పెట్టెలోనే గడ్డ కడుతుంది. వీళ్లు పౌడర్ పెట్టెలను ఏసీ గదిలో పెట్టారు.

గన్ కొసన 60 నుంచి 100 కిలోవోల్టుల దాకా వోల్టేజీ ఉంటుంది, కరెంటు మాత్రం మైక్రోఆంపియర్లలోనే. పౌడర్ వంగి వెళ్లి పైపు వెనకవైపు కూడా పట్టుకోవడం చూడ్డానికి అందంగా ఉంటుంది. కానీ బెంచీ కాళ్లు కలిసే లోపలి మూలల్లోకి మాత్రం అది వెళ్లదు; విద్యుత్ క్షేత్ర రేఖలు దగ్గరగా ఉన్న అంచుల మీదే ముగిసిపోతాయి, లోపలి మూల ఖాళీగా మిగులుతుంది. ఫారడే కేజ్ అని పిలిచే ఈ చిక్కుకు మందు వోల్టేజీ తగ్గించి, గాలి తగ్గించి, ముందు మూలలు నింపి, తర్వాత వెడల్పు భాగాలకు రావడం. గన్ పట్టిన కుర్రాడు సరిగ్గా ఆ వరుసలోనే చేశాడు. హుక్కుల విషయం కూడా చూశాను. పాత కోటింగులు పేరుకుపోయిన హుక్కుకు సామాను వేలాడదీస్తే ఎర్తింగ్ అందదు, పౌడర్ సరిగా పట్టదు. గాలిలో తేలే సన్నని పొడి మధ్య నిప్పురవ్వ పుట్టడం ప్రమాదం కూడా. వాళ్ల హుక్కులు కాల్చి శుభ్రం చేసినవి. పక్కకు పడ్డ పొడి ఫిల్టర్లలోకి పోయి, జల్లెడ పట్టాక మళ్లీ డబ్బాలో చేరుతోంది. ద్రవపు రంగులో ఈ సౌకర్యం లేదు.

ప్రైమర్ పొరను సగమే కాల్చి, దాని మీద పాలిస్టర్ కొట్టి, రెండూ కలిపి పూర్తిగా కాల్చారు. ప్రైమర్ పూర్తిగా కాలితే పైపొర దాన్ని సరిగా పట్టుకోదు. ఓవెన్ దగ్గర నేను ఎక్కువసేపు నిలబడ్డాను, ఎందుకంటే పౌడర్ పెట్టె మీద రాసి ఉండే 200 డిగ్రీల వద్ద 10 నిమిషాలు అన్న లెక్క ఓవెన్ గాలికి కాదు, లోహానికి. మా బెంచీ కాళ్ల పైపు మందం 2 మిల్లీమీటర్లు, దానికి అతికించిన అడుగు పలక 10 మిల్లీమీటర్లు. పైపు వేడెక్కి పది నిమిషాలు దాటినా పలక ఇంకా వెనుకబడే ఉంటుంది. గోడ మీద డయల్ చూసి బయటికి తీస్తే పలక మీద రంగు కంటికి బాగానే కనిపిస్తుంది, కానీ లోపల పచ్చిగా ఉండి దెబ్బ తగిలితే పెళుసుగా రాలిపోతుంది. వాళ్లు పలకకూ పైపుకూ వేడిని కొలిచే థర్మోకపుల్ తీగలు బిగించి ఒక విడత నడిపి, పలక 200కు చేరిన క్షణం నుంచి నిమిషాలు లెక్కపెట్టి, ఆ కాలాన్నే మిగతా సామానుకంతా ఖాయం చేశారు. పలచని పలకల సీట్లను వేరే విడతగా కాల్చారు.

పరీక్షలు సామానుతో పాటే వేలాడదీసిన నమూనా రేకుల మీద జరిగాయి. మందం చూసే మీటరు రెండు పొరలకు కలిపి చాలాచోట్ల 120 నుంచి 140 మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) మధ్య చూపింది. ఒక్క పొర అయితే 60 నుంచి 80 ఉంటుంది. మందం పెరిగితే మంచిదన్నది పొరపాటు, ఎక్కువైతే నారింజ తొక్క తరహా గుంటలు వస్తాయి. బ్లేడుతో నిలువుగా, అడ్డంగా గళ్లు గీసి, టేపు అంటించి లాగారు. 120 మైక్రాన్లు దాటిన పొరకు గీతల మధ్య దూరం 3 మిల్లీమీటర్లు ఉండాలి. ఒక్క గడి కూడా లేవలేదు. ఒక బరువును రేకు వెనకవైపు పడేసినప్పుడు సొట్ట పడింది గానీ రంగు పగలలేదు. ద్రావకంలో తడిపిన దూదితో రుద్దితే రంగు మెత్తబడలేదు. కాలడం పూర్తయిందని అదే ఖాయం చేసింది. 35 డిగ్రీల వద్ద 5 శాతం ఉప్పు నీటి పొగలో 1000 గంటలు ఉంచే పరీక్షకు ఆరు వారాలు పడుతుంది కాబట్టి సామాను ఆపలేదు, ఒక రేకును విడిగా పంపించాం. గీత గీసిన చోట అంచు వెంట తుప్పు కొద్దిగా పాకింది, అంతకు మించి ఏమీ కాలేదని తర్వాత నివేదిక వచ్చింది.

బిగించే రోజున కొంపల్లిలో ఒక చిన్న వివాదం వచ్చింది. గోడలోని బోల్టులతో రెయిలింగు రంధ్రం కలవకపోతే, అక్కడికక్కడే డ్రిల్లింగ్ చేద్దామని బిగించేవాళ్లు మెషీను తీశారు. నేను ఒప్పుకోలేదు. కోసిన చోట పచ్చి ఇనుము బయటపడుతుంది, దాన్ని మళ్లీ ట్యాంకులకూ ఓవెన్‌కూ పంపలేం. గోడలోని బోల్టునే జరిపించాం. దారిలో రెండు మూడు చోట్ల పడ్డ గీతలకు గరుకు కాగితం రుద్ది, జింక్ ప్రైమర్, దాని మీద అదే షేడ్‌లో గాలికి ఆరే పీయూ (పాలీయురేథేన్) రంగు సన్న కుంచెతో వేశాం. ఆ రంగు చిన్న డబ్బా ఒకటి అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ దగ్గర ఉంచి, థిన్నర్‌తో తుడవకూడదని, సబ్బు నీళ్లు, మెత్తని గుడ్డ చాలని, గీత పడితే వానాకాలానికి ముందే పూయమని చెప్పి వచ్చాం.